మీకు లా రాకపోవడమే మీ చెల్లికి పనికొస్తుంది

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. చెల్లి లా రెండో సంవత్సరం. ఇంకో నాలుగు వారాల్లో పరీక్షలు, మూడూ ఇంట్లోంచే. రెండు పేపర్లు పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసేవి, ఒకటి కెమెరా ముందు ఏదీ చూడకుండా రాసేది. పొద్దుట్నుంచి రాత్రి దాకా చదువుతూనే ఉంది, అయినా ఏమీ గుర్తుండట్లేదని ఏడుస్తోంది. తోటివాళ్లు అప్పుడే ఇంటర్న్‌షిప్‌లకు వెళ్తున్నారని ఇంకో టెన్షన్. మీరేమో అకౌంట్స్ మనిషి. "నాకు లా ఒక్క ముక్క రాదు, నేనేం సాయం చేయగలను?" అని అడిగారు.

పద్దెనిమిదేళ్లుగా లా విద్యార్థులకు పాఠాలు చెప్తున్నాను, వాళ్ల పేపర్లు దిద్దుతున్నాను. మీకు లా రాకపోవడం అడ్డంకేమీ కాదు. ఇంట్లో ఇంకో లాయరు ఉంటే ఆమె సగం చెప్పగానే మిగతాది తనే అందుకుని పూర్తి చేసేస్తాడు. మీరు అలా చేయలేరు కాబట్టి ఆమె చివరిదాకా చెప్పాల్సిందే. రేపు ఆమె దగ్గరికి వచ్చే క్లయింటూ మీలాంటివాడే.

ముందు పుస్తకాలు చూసి రాసే పేపర్ల సంగతి. ఈ వెసులుబాటే చాలామందిని ముంచుతుంది. అన్నీ పక్కనే ఉంటాయి కదా అని చదవడం తగ్గిస్తారు. తీరా పరీక్షలో సగం సమయం పేజీలు తిప్పడానికే పోతుంది. మూడు గంటల్లో నాలుగు ప్రశ్నలనుకోండి, ఒక్కోదానికి 45 నిమిషాలు. ప్రశ్న చదివి అర్థం చేసుకోవడానికి 10, ఏం రాయాలో గీసుకోవడానికి 5, చివర్లో సరిచూసుకోవడానికి 5 తీసేయండి. రాతకు మిగిలేది 25 నిమిషాలు. ఇందులో వెతుకులాటకు చోటెక్కడిది?

పైగా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు రావు. పుస్తకం మీ దగ్గర ఉందని పేపరు తయారుచేసినవాళ్లకి తెలుసు, అందుకే నిర్వచనాలు అడగరు, ఒక కథ ఇస్తారు. ఉదాహరణకి ఇలా: ఒకాయన కుక్క తప్పిపోయింది. తెచ్చిచ్చినవాళ్లకు బహుమతి ఇస్తానని గోడల మీద పోస్టర్లు అంటించాడు. ఒకామెకి ఆ కుక్క దొరికింది. మెడ పట్టీ మీద ఉన్న ఫోన్ నంబరు చూసి, తీసుకెళ్లి ఇచ్చేసింది. ఇంటికి వస్తుంటే దారిలో పోస్టరు కనిపించింది. ఇప్పుడు ఆమె బహుమతి అడగొచ్చా?

మామూలు విద్యార్థి దీనికి ఏం రాస్తాడో చెప్తాను. ఆఫర్ (ప్రతిపాదన) అంటే ఏమిటి, యాక్సెప్టెన్స్ (దానికి ఒప్పుకోవడం) అంటే ఏమిటి, కార్లిల్ వర్సెస్ కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీ కేసు ఏమిటి అని రెండు పేజీలు. 1891లో ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో, తమ మందు స్మోక్ బాల్‌ని చెప్పినట్టు వాడినా జబ్బు చేస్తే వంద పౌండ్ల బహుమతి ఇస్తామని ఆ కంపెనీ ఇచ్చిన ప్రకటన, అందుకోసం బ్యాంకులో వేసిన వెయ్యి పౌండ్లు, అంతా పూసగుచ్చినట్టు రాస్తాడు. ఆఖరి లైనులో "కాబట్టి ఆమెకి బహుమతి వస్తుంది" అని ముగిస్తాడు. కుక్క గురించి రాసింది ఆ ఒక్క వాక్యమే. దిద్దేటప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది, అంత కష్టపడి చదివి అసలు అడిగింది వదిలేశాడని.

బాగా రాసే విద్యార్థి కార్లిల్ కథంతా చెప్పడు. కేసు వేసిన కార్లిల్ అనే ఆవిడ ప్రకటన చదివాకే స్మోక్ బాల్ కొన్నది, చెప్పిన పద్ధతిలో వాడింది, అందుకే ఆ వాడకాన్నే కోర్టు యాక్సెప్టెన్స్‌గా తీసుకుంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. తర్వాత 1913 నాటి లాల్‌మన్ శుక్లా వర్సెస్ గౌరీ దత్ దగ్గరికి వెళ్తాడు. తప్పిపోయిన కుర్రాణ్ణి వెతికి తెచ్చిన ఉద్యోగికి బహుమతి మాట అప్పటికి తెలియదు, అందుకే ఆయనకి అది రాలేదు. మన కథలో ఆమెకీ ఇచ్చేసేదాకా తెలియదు, కాబట్టి బహుమతి కష్టమే. ఇంకాస్త తెలివైనవాడైతే ఇక్కడితో ఆగడు. "కుక్క దొరికాక, ఇచ్చేముందు పోస్టరు చూసి ఉంటే? పోస్టరు అడిగింది వెతకమని కాదు, తెచ్చిమ్మని కదా" అని అంటాడు. నా చేతిలోని ఎర్ర పెన్ను టిక్కులు పెట్టేది అక్కడే.

ఇంగ్లీషు అక్షరాలు కలిపి దీన్ని ఐరాక్ పద్ధతి అంటారు: ఇష్యూ (తేల్చాల్సిన ప్రశ్న), రూల్ (దానికి వర్తించే చట్టం), అప్లికేషన్ (ఆ చట్టాన్ని ఈ కథకి అన్వయించడం), కన్‌క్లూజన్ (ముగింపు). మీ చెల్లికి ఇది తెలిసే ఉంటుంది. తెలిసినా అందరూ రూల్‌కి పేజీ ఇచ్చి అప్లికేషన్‌కి రెండు లైన్లు ఇస్తారు. ఆమె రాసిన పాత జవాబు ఒకటి తీసుకుని, కథలోని మనుషుల గురించి, జరిగిన సంగతుల గురించి రాసిన వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఇది చేయడానికి లా రానక్కర్లేదు. గీతలు పేజీలో సగం కూడా లేకపోతే లోపం ఎక్కడుందో ఆమెకే కనిపిస్తుంది.

ఇక ఎంత చదివినా గుర్తుండట్లేదన్న బాధ. ఆమె ఎలా చదువుతోందో మీరు రాయలేదు, కానీ ఊహించగలను. నోట్స్ మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నులతో గీయడం. మూడోసారి చదివేసరికి అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, అదే చిక్కు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి ఒక టాపిక్ చదివాక పుస్తకం మూసేసి, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయమనండి. మొదటి రెండు మూడు రోజులు ఘోరంగా ఉంటుంది, కాగితం సగం ఖాళీగా మిగులుతుంది. అప్పుడు ఆమె "నాకేం రాదు" అని ఇంకా దిగులు పడుతుంది, మీరు కంగారు పడొద్దు. ఆ ఖాళీలు ఏమిటో పరీక్షకు ముందే తెలియడం మంచిది. మర్నాడు ఆ ఖాళీలు మాత్రమే చదవాలి, మూడు రోజులాగి మళ్లీ తెల్ల కాగితం.

కేసులకు చిన్న కార్డులు చాలు. ఏం జరిగిందో ఒక లైను. కోర్టు ఏం తేల్చింది, ఏ కారణంతో అన్నది ఒక లైను, దాన్నే వీళ్లు రేషియో అంటారు. మూడో లైను చాలామంది రాయరు, అసలు కావాల్సింది అదే: ఏ సంగతి మారితే తీర్పు మారేది? కుక్క కథలో పోస్టరు ముందే చూసి ఉంటే అన్నట్టు.

మీ పని రాత్రిళ్లు ఇరవై నిమిషాలు. భోజనాలయ్యాక ఒక కేసు మీకు కథలా చెప్పమనండి. మీరు మామూలు మనిషిగా అడిగే ప్రశ్నలు అడగండి. డొనాహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ చెప్తుందనుకోండి. 1928లో స్కాట్లాండ్‌లోని పెయిజ్లీలో ఒకావిడ కేఫ్‌కి వెళ్లింది, స్నేహితురాలు జింజర్ బీర్ ఇప్పించింది, సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడింది, ఆవిడకి జబ్బు చేసింది, తయారుచేసినవాడి మీద కేసు వేసింది. ఇక్కడ మీకు సహజంగా వచ్చే అనుమానం "డబ్బులిచ్చి కొన్నది స్నేహితురాలు కదా, ఈవిడ ఎలా కేసు వేస్తుంది?" అనే. 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు) ముందు నిలబడ్డ ప్రశ్న సరిగ్గా అదే. ఒప్పందం లేకపోయినా, తన అజాగ్రత్త వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే ఊహించగలిగినప్పుడు వాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాలి అన్న జడ్జి లార్డ్ యాట్కిన్ మాట అక్కడ పుట్టింది. లా రాని మీరు అడిగిన ప్రశ్నతో ఆమె కేసు నడిబొడ్డుకి చేరుతుంది. (అన్నట్టు, సీసాలో నత్త నిజంగా ఉందో లేదో ఎప్పటికీ రుజువు కాలేదు, ఆ దశకు ముందే రాజీ పడ్డారు. ఈ ముక్క చెప్తే పిల్లలకి కేసు ఇక మర్చిపోవడం ఉండదు.)

ఎప్పుడూ పనికొచ్చే ఇంకో ప్రశ్న "మరి అవతలి లాయరు ఏమంటాడు?" అనేది. ఆమె తడబడితే సాయం చేయకుండా ఆగండి. తప్పు చెప్పిందని మీకు అనిపించినా సరిదిద్దొద్దు, "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అంటే చాలు. "ఎన్ని చాప్టర్లు అయ్యాయి?" అన్న ప్రశ్న మాత్రం అడగొద్దు. దానివల్ల జరిగిన మేలు నేనింతవరకు చూడలేదు.

నాలుగు వారాల్లో చివరి పది రోజులు పాత ప్రశ్నపత్రాలకే. గడియారం పెట్టుకుని, అసలు పరీక్ష ఏ వేళకో అదే వేళకి, అదే కుర్చీలో, అదే ల్యాప్‌టాప్ మీద. టైప్ చేసే పరీక్షకి చేత్తో రాసి ప్రాక్టీస్ చేయడం, చేత్తో రాసి స్కాన్ చేసే పరీక్షకి టైప్ చేసి ప్రాక్టీస్ చేయడం రెండూ చూశాను, రెండూ పరీక్ష రోజు దెబ్బకొట్టాయి. పుస్తకాలు చూసే పేపర్లకి ఒక్కో సబ్జెక్టుకి రెండు పేజీల పట్టిక తనే తయారు చేసుకోవాలి: ఏ సమస్యకి ఏ సెక్షన్, ఏ కేసు, నోట్స్‌లో ఎన్నో పేజీ. ఇంకొకరి పట్టిక కాపీ తెచ్చుకుంటే పనిచేయదు, తయారుచేయడమే సగం చదువు. ఒకవేళ 24 గంటల పేపరైతే 24 గంటలూ కూర్చోవడానికి కాదు ఇచ్చింది, నిద్రపోయి లేచి రాసినవాళ్ల జవాబులు చదవగానే తేడా తెలిసిపోతుంది.

పరీక్ష రోజు టెక్నికల్ బాధ్యత పూర్తిగా మీరే తీసుకోండి. నా విద్యార్థి ఒకడు మూడు గంటలు బ్రౌజర్‌లోని పెట్టెలోనే నేరుగా టైప్ చేశాడు. సెషన్ గడువు తీరిపోయి అంతా ఎగిరిపోయింది. మళ్లీ రాయడానికి అనుమతి రావడానికి ఆరు వారాలు పట్టింది, అదీ స్క్రీన్ ఫొటోలు తీసిపెట్టుకున్నాడు కాబట్టి. పెద్ద పరీక్షలకీ ఇది తప్పలేదు. 2020 జూలైలో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రం లాయర్ల అర్హత పరీక్షని ఆన్‌లైన్‌లో పెడితే, మధ్యలో రెండో భాగంలోకి లాగిన్ కాలేక అభ్యర్థులు ఆగిపోయారు, తర్వాత అదనపు సమయం ఇవ్వాల్సి వచ్చింది.

అందుకని నిబంధనలు ఒప్పుకుంటే జవాబు వేరే ఫైల్లో రాసి అతికించడం మేలు. వారం ముందే ల్యాప్‌టాప్ అప్‌డేట్లన్నీ చేసేసి, పరీక్ష వారంలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి నిజంగా కనెక్ట్ చేసి చూడండి, పనిచేస్తుందిలే అనుకోవద్దు. హెల్ప్‌లైన్ నంబరు, హాల్‌టికెట్ నంబరు కాగితం మీద రాసి గోడకి అంటించండి, కంప్యూటర్ ఆగిపోయినప్పుడు కంప్యూటర్‌లో ఉన్న నంబరు అక్కరకు రాదు. గడువుకి ఇరవై నిమిషాల ముందే రాత ఆపి అప్‌లోడ్ మొదలెట్టాలి. అప్‌లోడ్ చేశాక ఆ ఫైలే మళ్లీ తెరిచి చూడాలి, ఖాళీ ఫైలు, పాత డ్రాఫ్టు పంపినవాళ్లు ఏటా ఉంటారు. "ఫలానా సమయానికి ఫలానా సమస్య వచ్చింది" అనే ఈమెయిల్ ముందే రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకుంటే, ఆ క్షణంలో చేతులు వణుకుతున్నా స్క్రీన్‌షాట్ జతచేసి పంపేయొచ్చు.

కెమెరా పేపరుకి ఇంకో జాగ్రత్త. ఆ గదిలోకి ఎవరూ రాకూడదు, తలుపు అవతల గట్టిగా మాట్లాడకూడదు. రెండో గొంతు వినిపిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ అనుమానం గుర్తు పెట్టేస్తుంది. గదంతా కెమెరాలో చూపించమనడం సరైనదేనా అన్నదీ కోర్టుకెక్కింది. 2022 ఆగస్టులో ఒహాయోలోని ఫెడరల్ కోర్టు, ఒక ప్రభుత్వ యూనివర్సిటీ అలా చేయించిన సోదా కేసు వేసిన విద్యార్థి రాజ్యాంగ హక్కుకి భంగమని తీర్పిచ్చింది. అది అక్కడి తీర్పు. మీ చెల్లి ఈ వాదన పరీక్ష రోజు మొదలెట్టకుండా చూడండి. అభ్యంతరం ఉంటే ముందే రాతపూర్వకంగా అడగాలి.

పుస్తకాలు చూసి రాసే పేపర్లో కూడా మీరు సాయం చేయకూడదు. ఒక పదానికి అర్థం చెప్పడం, జవాబు చదివి "బాగుంది" అనడం కూడా వద్దు. చాలా దేశాల్లో లాయరుగా నమోదయ్యేటప్పుడు గత క్రమశిక్షణ చర్యల గురించి అడుగుతారు. ఒక పేపర్లో దొరికిన కాపీ డిగ్రీ అయ్యాక కూడా వెంటాడుతుంది.

ఏఐ గురించి మీరు అడగలేదు, కానీ ఆమె వాడుతూనే ఉంటుంది. పరీక్షలో వాడొచ్చా లేదా అన్నది ఆ పరీక్ష నిబంధనల్లోనే చూడాలి. చదువుకునేటప్పుడు తనని ప్రశ్నలు అడగమని వాడుకోవచ్చు. కేసుల పేర్లు మాత్రం దాని దగ్గర తీసుకుని సరిచూడకుండా రాయకూడదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ అవియాంకా అనే కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని కోర్టుకి సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేవు. ఉన్నాయా అని అడిగినా వెంటనే ఒప్పుకోలేదు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే అలా బోల్తా పడ్డారు.

ఒక పేపరు అయ్యాక "నువ్వేం రాశావు" అని స్నేహితుల గ్రూపులో పోల్చుకోవడం మొదలవుతుంది. ఆ రెండు గంటలు ఫోన్ మీ దగ్గర పెట్టుకోగలిగితే పెట్టుకోండి, ఆమె ఒప్పుకుంటేనే. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, తినకపోవడం వారం దాటితే పరీక్షలయ్యాక చూద్దామని ఆగొద్దు, డాక్టరుకి చూపించండి, కాలేజీలో కౌన్సిలర్ ఉంటే కలవమనండి. అనారోగ్యం వల్ల వాయిదాగానీ అదనపు సమయంగానీ కావాలంటే పరీక్షకి ముందే, సర్టిఫికెట్‌తో అడగాలి. ఫలితాలొచ్చాక అడిగేవాళ్ల మాట సాధారణంగా నిలబడదు.

ఇంటర్న్‌షిప్ టెన్షన్‌కి ఈ నాలుగు వారాల్లో వారానికి ఒక్క గంట ఇవ్వమనండి, అంతకు మించి వద్దు. ఆ గంటలో చేయాల్సింది ఒక నోట్‌బుక్ రాయడం: ఇప్పటిదాకా చేసిన మూట్ కోర్టులు (కాలేజీల్లో జరిగే ఉత్తుత్తి కోర్టు వాదనలు), ప్రాజెక్టులు, న్యాయ సహాయ శిబిరాలు, ఒక్కోదానికి తేదీ, తను స్వయంగా చేసిన పని, నేర్చుకున్నది. బయోడేటా రాసేటప్పుడు అందరూ ఖాళీగా కూర్చునేది ఇవి మర్చిపోయే. రెండో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ దొరక్కపోతే కొంప మునగదు. కోర్టులో వాదించడం ఒక్కటే దారి కాదని కూడా ఈ వయసులో తెలియాలి. కంపెనీల లీగల్ విభాగాలు, చట్టాల ముసాయిదా రాసే పని, మధ్యవర్తిత్వం, న్యాయ సహాయం, బోధన, ఇవన్నీ ఉన్నాయి.

పరీక్షలయ్యాక ఆమె చేతికి రావాల్సిన అసలు వస్తువు నాలుగైదు పేజీల రాత నమూనా. లాయర్ల ఆఫీసులు అడిగేది తరచుగా ఇదే. కొత్తగా పుట్టించనక్కర్లేదు, ప్రాక్టీస్‌లో రాసిన జవాబుల్లో మంచిది ఒకటి తీసుకుని, కేసులు మళ్లీ సరిచూసి, పూర్తిస్థాయి మెమోగా (ఒక సమస్య మీద చట్టం ఏమంటుందో వివరించే నోటుగా) తిరగరాస్తే సరిపోతుంది. ఎక్కడైనా ఇంటర్న్‌గా చేసిన కాగితాన్ని నమూనాగా పంపాలనుకుంటే ఆ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, క్లయింటుని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేయాలి. పేర్లతో సహా పంపిన ఒక కుర్రాణ్ణి నాకు తెలిసిన సీనియర్ మొదటి పేజీతోనే పక్కన పెట్టేశారు. "రేపు మా క్లయింట్ల సంగతీ ఇలాగే పంపుతాడు" అన్నారు.

ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి మళ్లీ మీరే కూర్చోవాలి. "ఈ మధ్య చదివిన ఒక తీర్పు చెప్పండి, మీరు ఒప్పుకుంటారా?" అని అడగండి. రెండు నిమిషాలు దాటితే చేయి చూపించి ఆపేయండి. ఈ పాటికి నాలుగు వారాలు రాత్రిళ్లు మీకు కేసులు చెప్పి ఉంటుంది కాబట్టి కొత్తగా అనిపించదు.

మీ ప్రశ్నలో చివర ఒక మాట ఉంది, "ఆమె లా మానేస్తానంటోంది" అని. దానికి ఇప్పుడు జవాబు చెప్పొద్దు, పరీక్షల మధ్యలో తీసుకునే నిర్ణయం కాదది. ఆఖరి పేపరు అయిన పది రోజులకి కూడా అదే అంటే అప్పుడు కూర్చుని వినండి, మొన్నటిదాకా కేసులు విన్నట్టే. మూడు పేపర్ల తేదీలు, ఒక్కోదానికి ఎన్ని గంటలు, ఎన్ని ప్రశ్నలు అన్నది రాస్తే నాలుగు వారాలు ఎలా పంచుకోవాలో చూసి చెప్తాను.